తోమకూడని చెంచా

మెల్బోర్న్
1972 మార్చి 6

మిల్లీ అత్తకు,

ముందు కూర్చో. చేతిలో టీ కప్పుంటే బల్ల మీద పెట్టు. నా నవల అచ్చవుతోంది! పేరు ‘ఉయ్యాల్లో కిరీటం’. ఆగస్టుకల్లా పుస్తకాల షాపుల్లో ఉంటుందట. నలుగురు వద్దన్నాక అయిదో ఆయన ఒప్పుకున్నాడు. ఆయన ఆఫీసులో ఏడవకూడదని పళ్ళు బిగబట్టుకుని, ట్రామ్ ఎక్కాక ఏడ్చాను.

ఈ పుస్తకానికి అసలు తల్లివి నువ్వే. సెలవులకు సిగ్నెట్ వచ్చినప్పుడు వంటింటి బల్ల దగ్గర ఆపిల్ తొక్కలు తీస్తూ నువ్వు చెప్పిన కథే ఇది. ఇంగ్లండు రాజుకు నాటకాలాడే ఆవిడ వల్ల పుట్టిన పాప ఎలిజా. గుట్టు బయటపడకుండా మూడేళ్ళ పిల్లను ఒక దాదితో ఓడెక్కించి మీ టాస్మానియాకు పంపేశారు. పాప వెంట వచ్చిన ఆనవాలు కిరీటం గుర్తున్న వెండి చెంచా ఒక్కటే. ఆ ఎలిజా నానమ్మకు అమ్మమ్మ. రాజు పేరు మాత్రం ఇంట్లో ఎవరూ పలకకూడదు. నేను నవలలో కూడా పలకలేదు, చూశావా ఎంత బుద్ధిమంతురాలినో!

క్రిస్మస్ రోజు పుడ్డింగ్ మొదటి ముద్ద ఆ చెంచాతోనే పెట్టేది నానమ్మ. పిల్లలం నిలబడి, కళ్ళు మూసుకుని నోరు తెరవాలి. మా నాన్న మాత్రం కళ్ళు తెరిచి, “రాజుగారి మునిమనవణ్ణి, ఇంకో ముద్ద పెట్టమ్మా” అనేవాడు. ఆయన ఉండి ఉంటే ఈ వార్తకు ఎంత గోల చేసేవాడో.

కథకు ఒక దుర్మార్గుడు కావాలి కదా. ఆ రోజుల్లో ఇంగ్లండు నుంచి శిక్ష వేసి ఓడల్లో అక్కడికి పంపేవాళ్ళు కదా, అలాంటి ఖైదీని, జార్విస్ అనేవాణ్ణి పెట్టాను. ఎలిజా చెంచా దొంగిలించి, ఆమెను పెళ్ళి చేసుకుని రాజుగారి అల్లుణ్ణనిపించుకోవాలని చూస్తాడు. సగం తెగిన చిటికెనవేలు వాడి గుర్తు. చదివినవాళ్ళంతా వాణ్ణి చూసి వణుకుతున్నారు.

చెంచా జాగ్రత్తగా చుట్టి పంపు. ముఖచిత్రానికి ఫొటో తీయించి తిరిగి పంపేస్తాను.

నీ రాజకుమారి
డాఫ్నీ


సిగ్నెట్
మార్చి 15

డాఫ్నీ పిల్లకి,

కూర్చోమన్నావు, కూర్చున్నాను. ఇప్పుడు లేవాలంటే నడుం రానంటోంది. పొద్దుట ఏడింటి నుంచి షెడ్డులో నిలబడి ఆపిల్స్ కాగితాల్లో చుట్టడమే పని. అరవై మూడేళ్ళ రాజవంశీకురాలికి ఇదీ దర్బారు. వచ్చే ఏటి నుంచి ఇంగ్లండువాళ్ళు మన ఆపిల్స్ కొనరట, పక్క దేశాలతో పొత్తు కలుపుకున్నారట. చెట్లు పీకేయమని ఆఫీసర్లు మీటింగులు పెడుతున్నారు. రాజుగారి దేశం మనల్ని ఎంత బాగా గుర్తు పెట్టుకుందో చూడు.

నీ పుస్తకం మాటకు సంతోషించాను. పోస్టాఫీసులో ఉత్తరం చదివి పైకే నవ్వాను. పోస్టుమాస్టరు భార్య, “ఏంటి మిల్లీ, లాటరీ తగిలిందా?” అంది. “అంతకంటే పెద్దదే, మా పిల్ల రచయిత్రి అయింది” అన్నాను. ఆవిడ మొహం మాడిపోయింది. వాళ్ళమ్మాయి గొర్రెల ఉన్ని కత్తిరించేవాడితో లేచిపోయింది లే.

చెంచా పంపను. అది ఇల్లు దాటకూడదు, తోమకూడదు అని మీ నానమ్మ కట్టడి. తోమితే రాజుగారి చేతి స్పర్శ పోతుందట. నూటనలభై ఏళ్ళ మసి పట్టి బొగ్గులా ఉంది. దాన్ని ఫొటో తీస్తే నీ పుస్తకం ఎవరూ కొనరు.

ఒక్క పని చెయ్యి. ఆ దుర్మార్గుడి పేరు మార్చు. వేలు కూడా మార్చు. ఈ లోయలో జార్విస్‌లు ఉన్నారు, నీకూ తెలుసు. ఆపిల్ పెట్టెలు కొట్టే క్లెమ్ జార్విస్ చిటికెనవేలు రంపం కింద పడి సగం పోయింది. చిన్నప్పుడు నీకు మూత ఉన్న చెక్కపెట్టె చేసిచ్చింది అతనే, మరిచిపోయావేమో. ప్రతి గురువారం నాకు కట్టెలు తెస్తాడు. ఇదివరకు గేటు దగ్గర పడేసి పోయేవాడు. భార్య పోయాక, కిందటి శీతాకాలం నుంచి, లోపలికొచ్చి టీ తాగుతున్నాడు. ఎక్కువ మాట్లాడడు. రెండో కప్పు మాత్రం వద్దనడు.

పేరుదేముంది, వంద పేర్లున్నాయి. మార్చేయ్.

అత్త


మెల్బోర్న్
ఏప్రిల్ 2

మిల్లీ అత్తకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పైకి పేరు మార్చమంటున్నావు కానీ నీ గుండెల్లో ఉన్న ముల్లు వేరే ఉంది. రాజుగారికి పెళ్ళి కాకుండా పుట్టిన పిల్ల మన మూలపుటమ్మ అని ఊరందరికీ తెలుస్తుందని కదా నీ భయం? అందుకే చెంచా కూడా పంపనంటున్నావు.

అత్తా, కాలం మారింది. ఇక్కడ మా ఆఫీసులో ఒకావిడ తన తాత ఫలానా ప్రభువుకు పుట్టిన అక్రమ సంతానమని విజిటింగ్ కార్డు మీద వేయించుకోవడమే తక్కువ. సిగ్గుపడాల్సింది పిల్లను వదిలించుకున్న రాజు. మనం కాదు. నువ్వు తలెత్తుకు తిరుగు.

జార్విస్ పేరంటావా, అది నానమ్మ నోటి నుంచి వచ్చిందే. వాళ్ళింటి ముందు నుంచి వెళ్ళేటప్పుడల్లా కారు అద్దం పైకెత్తించి, “గొలుసులతో దిగిన జాతి. ఆ గాలి కూడా పడదు” అనేది. ఆ గొంతు నా చెవుల్లో అలాగే ఉండిపోయింది. రచయితలు అలాంటివి వదులుకోరు. పెట్టె సంగతి గుర్తుంది, అందులో పెన్సిళ్ళు పెట్టుకునేదాన్ని. వేలు గుర్తుండబట్టే కదా రాయగలిగాను. అయినా ఆయన నవలలు చదివే మనిషా?

అక్షరాలన్నీ కూర్చేశారు. ఇప్పుడు మార్చమంటే ప్రచురణకర్త నన్ను చంపేస్తాడు.

ప్రేమతో
డాఫ్నీ


సిగ్నెట్
ఏప్రిల్ 11

డాఫ్నీకి,

నా గుండెల్లో ముల్లు ఎక్కడుందో నువ్వు చెప్పనక్కర్లేదు. అది గుచ్చుకున్న రోజు నాకు బాగా తెలుసు. ఎవరికీ చెప్పలేదు, మీ నాన్నకు కూడా. ఇప్పుడు చెప్తున్నాను, నవలలో పెట్టడానికి కాదు.

1930 క్రిస్మస్‌కు క్లెమ్‌ను భోజనానికి పిలిచాను. నాకు ఇరవై ఒకటి, అతనికి ఇరవై నాలుగు. పెళ్ళి చేసుకుందామని అప్పటికే అనుకున్నాం. మెడకు టై కట్టుకుని, తన చేతులతో చేసిన కుట్టుపెట్టె మా అమ్మకు బహుమతిగా తెచ్చాడు. పుడ్డింగ్ దగ్గర అమ్మ చెంచా తీసి కథంతా చెప్పింది. అతను చెంచా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా బల్ల మీద పెట్టాడు. అంతే, అమ్మ లేచింది.

“ఎత్తుకుపోదామని చూస్తున్నావా? మీ తాత గొలుసులతో దిగాడు. నా కూతురు ఏ రక్తమో తెలుసా నీకు?”

అతను నా వైపు చూశాడు. నేను నా పళ్ళెం వైపు చూశాను. టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

నేను మాత్రం ఊరుకోలేదు. నెల రోజులు అమ్మతో పోట్లాడాను. “రుజువేదీ? ఊరికే నోటికొచ్చింది అంటావా?” అన్నాను. అమ్మ హోబార్ట్ పట్నం వెళ్ళింది. పాత రికార్డులుండే ఆఫీసులో చర్చి పరిచయం ఉన్న గుమాస్తా ఒకడున్నాడు. సాయంత్రం తిరిగొచ్చి, టోపీ కూడా తీయకుండా, మడిచిన కాగితం నా మొహం ముందు పెట్టింది. ‘థామస్ జార్విస్, నాలుగేళ్ళు, తల్లి ఖైదీ.’ క్లెమ్ వాళ్ళ తాత. “చదువుకున్నావుగా, చదువు” అంది. చదివాను. క్లెమ్‌కు రావద్దని కబురు పెట్టాను. రెండేళ్ళకు అతను వేరే పెళ్ళి చేసుకున్నాడు.

ఇప్పుడర్థమైందా? నలభై ఏళ్ళ తర్వాత ఆ మనిషి నా వంటింట్లో కూర్చుని టీ తాగుతున్నాడు. నాకు మిగిలింది అదొక్కటే. మా అమ్మ అన్న మాటే నువ్వు అచ్చు వేసి ఊరూరా అమ్మితే అతను ఇంక గడప తొక్కడు. నవల చదువుతాడా అని అడిగావు. లైబ్రరీ వ్యాను వచ్చిన రోజు మొదట ఎక్కేది అతనే.

మార్చు. బతిమాలుతున్నాను.

అత్త


మెల్బోర్న్
జూన్ 19

మిల్లీ అత్తకు,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. నిజంగా. వెంటనే ప్రచురణకర్త దగ్గరకు వెళ్ళి గొడవ పెట్టుకున్నాను. పేరు మార్చడానికి ఒప్పుకున్నాడు. జార్విస్ ఇప్పుడు ‘జార్డిన్’ అయ్యాడు. అన్నే అక్షరాలు కాబట్టి సరిపోయింది. వేలు మాత్రం వదలడట, ఆఖరి అధ్యాయంలో దొంగ దొరికేది ఆ వేలి వల్లే. చిన్న విషయం, ఎవరు పట్టించుకుంటారు?

అసలు వార్త విను. కిందటి వారం ఒక్క రోజుకు హోబార్ట్ వచ్చాను. కోప్పడకు, సిగ్నెట్ రావడానికి టైము లేకపోయింది. పాత రికార్డుల ఆఫీసులో ఎలిజా వచ్చిన సంవత్సరం పిల్లల రిజిస్టరు తీయించాను. ఆ చోట పేజీ లేదు అత్తా! బ్లేడు పెట్టి నీట్‌గా కోసేశారు. అక్కడి పెద్దాయన భుజాలెగరేసి, “ఇక్కడిది మామూలే అమ్మా. పెద్దింటివాళ్ళు హ్యాండ్‌బ్యాగుల్లో బ్లేళ్ళు పెట్టుకుని వచ్చేవాళ్ళు. తాతముత్తాతల్లో ఖైదీలుంటే కోసి పట్టుకుపోయేవాళ్ళు” అన్నాడు.

నేను లోపల్లోపల నవ్వుకున్నాను. ఖైదీలను దాచుకునేవాళ్ళు దాచుకోనీ. మన పేజీ ఎవరు కోశారో నాకు తెలుసు. రాజమందిరం మనుషులు! దాచాల్సింది లేకపోతే ఎందుకు కోస్తారు? ఇంతకంటే రుజువేం కావాలి? రాత్రికి రాత్రి ముందుమాట రాసిచ్చాను: ‘ఇది కల్పన కాదు. మా కుటుంబ రహస్యం. సాక్ష్యాన్ని మాయం చేసిన చేతులు చాలా పెద్దవి’ అని. ప్రచురణకర్త గంతులేశాడు.

నానమ్మ ఉండి ఉంటే ఎంత గర్వపడేది!

డాఫ్నీ


సిగ్నెట్
జూన్ 27

డాఫ్నీకి,

హోబార్ట్ నుంచి ఇక్కడికి బస్సులో గంటన్నర. పోనీలే.

ఈ కవరులో ఒక కాగితం ఉంది. చూడకముందు తలుపేసుకో. నువ్వు వెతికిన పేజీ ఇదే. కోసిన చేతులు పెద్దవన్నావు. మా అమ్మవి చిన్న చేతులు, ఆరో నంబరు గ్లవుజులు సరిపోయేవి.

1949లో అమ్మ పోయాక ఆమె ప్రార్థన పుస్తకం అట్టలో దొరికింది. నాకు ఆ రోజు సగానికి మడిచి చూపించిన కాగితమే. మడత విప్పాను. థామస్ జార్విస్ కిందే, అదే చేతిరాతతో, అదే ఓడలో వచ్చిన ఇంకో పిల్ల. నువ్వే చదువు. ‘ఎలిజా, మూడేళ్ళు. తల్లి మేరీ, ఖైదీ, దుప్పట్ల దొంగతనం, ఏడేళ్ళ శిక్ష. తండ్రి: తెలియదు.’ ఖైదీ తల్లుల పిల్లల్ని కూడా ఉంచే ప్రభుత్వ అనాథ పిల్లల బడి రిజిస్టరు అది. దాదీ లేదు, నాటకాల ఆవిడా లేదు. తండ్రి పేరు రాయాల్సిన ఖాళీలో మనవాళ్ళు ఒక రాజును తెచ్చి కూర్చోబెట్టారు.

క్లెమ్ తాతను పట్టుకుందామని వెళ్ళి, మా అమ్మ తన అమ్మమ్మను చూసింది. చూసి, కోసి, మడత పెట్టి, పై సగం నాకు చూపించింది. తెలిసి చేసింది. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు అదే చెంచాతో మీ అందరికీ పుడ్డింగ్ పెట్టింది.

పేజీ దొరికిన రోజే చెంచా తోమాను. వెండి కాదు, తగరం. మసి కింద, కిరీటానికి దిగువన, బాణం గుర్తు తేలింది. ఖైదీల చొక్కాల మీద, ప్రభుత్వ దుప్పట్ల మీద కొట్టేవాళ్ళే, ఆ బాణం. పిల్లల బడిలో గంజి తాగే చెంచా అది. మళ్ళీ పొయ్యి మసి పూసి పెట్టెలో పెట్టాను.

మరి నీకెందుకు చెప్పలేదంటావు. ఆ అబద్ధం కోసం నా బతుకు ఇచ్చేశాను డాఫ్నీ. అది ఉత్తి అబద్ధమంటే నేను ఉత్తినే ఇచ్చినట్టవుతుంది. నిజమని నీకు చెప్తున్నంతసేపు కొంచెం తేలికగా ఉండేది. తప్పే. తొక్కలు తీస్తూ చెప్పిన ఆ కథలన్నిటికీ సిగ్గుపడుతున్నాను.

ఆ ముందుమాట ఆపు. వేలు తీసేయ్. వీలైతే పుస్తకమే ఆపు.

అత్త


మెల్బోర్న్
ఆగస్టు 30

అత్తకు,

నీ కవరు అందింది. ఇన్నాళ్ళు జవాబు రాయకపోవడానికి కారణం కోపం. దాచడం ఎందుకు.

ఇరవై మూడేళ్ళుగా నీకు తెలుసు. నేను రాస్తున్నానని చెప్పినప్పుడు తెలుసు. పుస్తకం అచ్చవుతోందంటే పోస్టాఫీసులో నవ్వినప్పుడు తెలుసు. నాలుగేళ్ళు రాత్రిళ్ళు మేలుకుని రాశాను, ఒక్క మాట చెప్పలేకపోయావా? అంతా అచ్చయ్యాక, నీ టీ కప్పుకు అడ్డం వచ్చిందని ఇప్పుడు నిజం గుర్తొచ్చిందా?

పుస్తకం వచ్చేసింది. మొదటి ముద్రణ అయిపోయి రెండోది వేస్తున్నారు. రోజూ ఉత్తరాలు వస్తున్నాయి. “మా ఇంట్లోనూ కిరీటం ఉన్న గిన్నె ఉంది, మేమూ రాజుగారి సంతానమే” అని రాస్తున్నారు. వాళ్ళందరికీ ఏమని జవాబివ్వను? మా ఎలిజా తల్లి దుప్పట్ల దొంగ, మీ గిన్నె జైలు గిన్నె అయి ఉండొచ్చు అని చెప్పనా?

పేజీని నా బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాను. క్లెమ్ గారి వేలు సంగతికి నిజంగా బాధగా ఉంది. కథ కథే అని ఆయనకు చెప్పు. ఒక కాపీ సంతకం చేసి పంపుతున్నాను, ఇవ్వు. నవ్వుకుంటారు.

డాఫ్నీ


సిగ్నెట్
సెప్టెంబరు 24

డాఫ్నీకి,

నువ్వు తిట్టిన తిట్లలో సగం న్యాయమే. మిగతా సగం నీ దగ్గరే ఉంచుకో.

సంతకం చేసిన కాపీ అక్కర్లేకపోయింది. లైబ్రరీ వ్యానులో ముందే వచ్చింది. జార్డిన్ అంటే ఎవరో లోయలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆపిల్ షెడ్డులో ఎవడో క్లెమ్‌ను, “చెంచాలు లెక్కపెట్టుకోండర్రా, జార్డిన్ వచ్చాడు” అన్నాడట. ఆ గురువారం కట్టెలు రాలేదు. తర్వాతి గురువారం కూడా. మూడో వారం నేనే చెంచా రుమాలులో చుట్టుకుని రోడ్డవతల అతని షెడ్డుకు వెళ్ళాను. అతని గుమ్మం ఎక్కడం అదే మొదటిసారి.

జిగురు కాస్తున్నాడు. తలెత్తలేదు. నిలబడే అంతా చెప్పాను. మడిచిన పేజీ, కింది సగం, మసి కింద బాణం, అన్నీ. చెప్పి చెంచా అతని ముందు పెట్టాను. అతను జిగురు డబ్బాలోంచి, తాను కలుపుతున్న చెంచాను తీసి దాని పక్కన పెట్టాడు. అదే పొడుగు, అదే వంపు, అదే కిరీటం. కిందే బాణం, తేటగా.

“మా తాతది. బళ్ళోంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్నాడంట. మా ఇంట్లో జిగురుకి ఇదే” అన్నాడు.

“ఆ రోజే గుర్తుపట్టావా?” అన్నాను.

“చేతిలోకి తీసుకోగానే. మసున్నా బాణం వేలికి తగుల్తది కదా.”

“మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు క్లెమ్? మా అమ్మ అన్నన్ని మాటలంటుంటే?”

అతను జిగురు డబ్బాను పొయ్యి మీంచి దించాడు.

“మీ ఇంటి చెంచా, మీకు తెలీదని నేనెందుకనుకుంటాను? నీకూ తెలుసనుకున్నా. తెలిసే పళ్ళెం వైపు చూశావనుకున్నా. ఒక్క బళ్ళో గంజి తాగిన వాళ్ళమని తెలిసి కూడా నన్నొద్దన్నావు, ఇంక అడిగేదేముంది అనుకున్నా.”

నలభై ఏళ్ళు అతను నా గురించి అలా అనుకుంటూ బతికాడు డాఫ్నీ. అలా అనుకుంటూనే నాకు కట్టెలు కొట్టాడు. నేనేమో మా అమ్మే నాకు అన్యాయం చేసిందని ఏడుస్తూ కూర్చున్నాను. పేజీ దొరికిన రోజే రోడ్డు దాటి వెళ్ళి చెప్పి ఉంటే, పెళ్ళి మాట పోయినా, కనీసం ఆ ఒక్క మాట అతని మనసులోంచి తీసి ఉండేదాన్ని. ఇరవై మూడేళ్ళు దాటలేదు. ఆ రోడ్డు వెడల్పు పన్నెండు గజాలు.

గురువారం కట్టెలు వచ్చాయి. గేటు దగ్గర పడేసి వెళ్ళాడు. టీ నీళ్ళు పెట్టి కూర్చున్నాను, లోపలికి రాలేదు.

మీ నానమ్మ బ్లేడుతో కోసింది, నేను మసి పూశాను, నువ్వు సొరుగులో పెట్టి తాళం వేశావు. మన వంశంలో తరతరాలకూ తప్పకుండా వస్తున్న ఆస్తి ఇదొక్కటే. ఇంక నా వంతు అయిపోయింది.

మార్చిలో ఫొటోకు చెంచా అడిగావు కదా. ఈ పొట్లంలో పంపుతున్నాను. క్లెమ్‌ను అడిగితే తనదీ ఇచ్చాడు, “నాకు జిగురుకి పుల్ల చాలు” అన్నాడు. జిగురంతా గోకి, రెండూ బూడిదతో బాగా తోమాను. తోమాక చూస్తే ఏది మనదో నాకు తెలియలేదు. రాజుగారిది ఏదో నువ్వే తేల్చుకుని, దానికి ఫొటో తీయించుకో.

మిల్లీ